కరెంటు కారు: ఊళ్ళో తిరగడానికీ, ఊరు దాటడానికీ
(రేడియో ప్రసంగ పాఠం)



బహ్రెయిన్ ద్వీపానికి తూర్పు తీరాన ఉన్న అస్కర్ అనే చిన్న ఊరి నుంచి మీతో మాట్లాడుతున్నాను. ఒకప్పుడు ఇది చేపలు పట్టేవాళ్ళ పల్లె. ఇవాళ ఆల్బా అనే అల్యూమినియం కర్మాగారం పేరుతో ప్రపంచానికి తెలుసు. ఆ కంపెనీ 1968లో ఏర్పడింది, 1971లో లోహం తీయడం మొదలుపెట్టింది. ఇక్కడి నుంచి కాస్త పడమరగా వెళితే జెబెల్ దుఖాన్ అనే గుట్ట వస్తుంది. దాని పాదాల దగ్గర 1932లో చమురు పడింది. గల్ఫ్‌కి ఈ అరబ్బు ఒడ్డున దొరికిన మొట్టమొదటి చమురు అదే. ఆ బావిని ఇప్పటికీ గుర్తుగా ఉంచారు. అలాంటి చోట కూర్చుని నేను కరెంటు కారు గురించి మాట్లాడటం తాటిచెట్టు కింద పాలు తాగినట్టే ఉంటుంది. అయినా తాగక తప్పదు.

ఎందుకంటే ఈ మధ్య మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే చాలు, ఈ మాట రాకుండా ఉండదు. డల్లాస్ లో బావగారు కొనేశాడట. లండన్ లో చెల్లెలు కొనబోతోందట. హైదరాబాదులో తమ్ముడు బుక్ చేశాడట. ఆ వెంటనే పెద్దవాళ్ళ దగ్గర్నుంచి ప్రశ్న: “అది సరేరా అబ్బాయీ, దారి మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావు?” నేను వృత్తిరీత్యా కంప్యూటర్ల వాణ్ణి, కార్ల ఇంజనీరుని కాను. కానీ లెక్కలంటే ఇష్టం, చరిత్రంటే ఇంకొంచెం ఇష్టం. చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, మన పెద్దవాళ్ళు అడిగే ఆ ప్రశ్నకి నూట పాతికేళ్ళ వయసుంది. కరెంటు కారు ఒకసారి ఓడిపోయింది కూడా సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

కరెంటు కారు కొత్త వస్తువని చాలామంది అనుకుంటారు. 1900 సంవత్సరంలో అమెరికాలో తయారైన కార్లు దాదాపు 4,200. అందులో ఆవిరి కార్లు 1,681, కరెంటు కార్లు 1,575, పెట్రోలు కార్లు 936. అంటే పెట్రోలు కారు మూడో స్థానంలో ఉండేది. అంతకు ముందు ఏడాది, 1899లో, కమిల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు గంటకి వంద కిలోమీటర్ల వేగాన్ని మొదటిసారి దాటాడు. ఆ కారు కూడా బ్యాటరీ మీద నడిచిందే. న్యూయార్కులో అప్పటికే కరెంటు టాక్సీలు తిరుగుతున్నాయి. చార్జి అయిపోగానే పాత బ్యాటరీ తీసేసి కొత్తది పెట్టే ఏర్పాటు కూడా వాటికి ఉండేది. ఇవాళ మనం బ్యాటరీ మార్పిడి అని కొత్తగా చెప్పుకుంటున్నది ఆనాటి మాటే.

ఆ రోజుల్లో పెట్రోలు కారు నడపడం మాటలు కాదు. ముందు నిలబడి హ్యాండిలు తిప్పాలి. మన ఊళ్ళలో పాత లారీలకి తిప్పేవారు చూడండి, అలాగన్నమాట. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. పొగ, వాసన, మోత సరేసరి. కరెంటు కారైతే ఎక్కి మీట నొక్కితే కదిలేది. అందుకని దాన్ని ఆడవాళ్ళ కారు అని ప్రచారం చేశారు. హెన్రీ ఫోర్డు పెట్రోలు కార్లు లక్షల్లో అమ్ముతుంటే ఆయన భార్య క్లారా మాత్రం డిట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కారులో తిరిగేదట! తన ఇంట్లోనే తన సరుకు చెల్లకపోవడం అంటే ఇదే కదూ?

మరి ఎందుకు ఓడిపోయింది? ఒక్క కారణం కాదు, నాలుగు కారణాలు కలిశాయి. మొదటిది ధర. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి ఏటేటా చవకవుతూ 1925 నాటికి 260 డాలర్లకి దిగింది. కరెంటు కారు దరిదాపుల్లోకి కూడా రాలేకపోయింది. రెండోది సెల్ఫ్ స్టార్టరు. 1912లో కాడిలాక్ కార్లకి అది వచ్చాక హ్యాండిలు తిప్పే బాధ పోయింది. తమాషా ఏమిటంటే ఆ స్టార్టరు ఒక చిన్న కరెంటు మోటారే. కరెంటు కారుని చంపింది కరెంటు మోటారే అన్నమాట. మూడోది చవక చమురు. 1901లో టెక్సాస్ లో పెద్ద బావి పడిన దగ్గర్నుంచి పెట్రోలుకి కొదవ లేకుండా పోయింది.

నాలుగోది మన విషయానికి అసలైనది: పల్లెల్లో కరెంటు లేదు. 1930ల మధ్యకి వచ్చినా అమెరికా రైతుల ఇళ్ళలో పదింట ఒక దానికే కరెంటు ఉండేది. పెట్రోలైతే డబ్బాలో పోసి కిరాణా కొట్లో కూడా అమ్మొచ్చు. కరెంటుని డబ్బాలో పొయ్యలేం. ఊళ్ళో తిరగడానికి కరెంటు కారు శుభ్రంగా పనికొచ్చేది. ఊరి పొలిమేర దాటితేనే చిక్కు. జనం మాత్రం కారు కొనేటప్పుడు రోజూ వెళ్ళే దారిని చూసి కొనరు, ఏడాదికోసారి వెళ్ళే దూరాన్ని చూసి కొంటారు. ఒక్క పెళ్ళికి వచ్చే బంధువులందరూ పడుకోవడానికి సరిపోయేలా ఇల్లు కట్టుకున్నట్టు! ఈ మనస్తత్వం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దీన్ని తప్పనడానికి లేదు. ఆ ఒక్క రోజు దారిలో ఆగిపోతే పడే అవస్థ మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజుల సుఖాన్ని మింగేస్తుంది.

మరి బ్యాటరీ పెద్దది పెడితే సరిపోదా అంటారేమో. అక్కడే ఉంది కిటుకు. ఆనాటి బ్యాటరీ అంటే మన ఇళ్ళలో ఇన్వర్టరుకి పెట్టుకునే సీసం బ్యాటరీ లాంటిదే. కిలో బరువుకి ముప్ఫయి, ముప్ఫయి అయిదు వాట్ అవర్ల కన్నా దాచుకోలేదు. అంటే అర టన్ను బ్యాటరీ మోసుకు తిరిగినా అందులో ఉండేది పదిహేను, పదిహేడు యూనిట్లు. కిలో పెట్రోలులో పన్నెండు వేల వాట్ అవర్లు ఉంటాయి. ఇంజను అందులో ముప్పాతిక వంతు వేడిగా తగలేసినా, మిగిలిన పావు వంతుతోనే సీసాన్ని చిత్తుగా ఓడిస్తుంది. ఎడిసన్ అంతటి వాడు పదేళ్ళు కష్టపడి నికెల్, ఇనుముతో బ్యాటరీ చేశాడు. అది గట్టిగా నిలబడింది గానీ అప్పటికే బండి వెళ్ళిపోయింది.

తర్వాత దాదాపు అరవై ఏళ్ళు నిశ్శబ్దం. మళ్ళీ కదలిక వచ్చినప్పుడు అందులో మన పొరుగువాళ్ళకీ వాటా ఉంది. చేతన్ మైనీ ఆధ్వర్యంలో బెంగుళూరులో తయారైన రేవా 2001లో రోడ్డెక్కింది. బెంగుళూరులో పనిచేసిన మన వాళ్ళలో చాలామందికి ఆ బుల్లి కారు గుర్తుండే ఉంటుంది. సీసం బ్యాటరీలే, ఒక చార్జికి 80 కిలోమీటర్లు అని చెప్పేవారు. అదే కారు జీ-విజ్ అనే పేరుతో లండన్ వెళ్ళింది. నగరం నడిబొడ్డుకి కారు తీసుకెళితే కట్టాల్సిన రద్దీ పన్ను 2003లో వచ్చింది, అప్పట్లో కరెంటు కార్లకి ఆ పన్ను ఉండేది కాదు. దాంతో లండన్ లో దానికి మంచి ఆదరణ దొరికింది. 2010లో మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. అంతకు ముందు అమెరికాలో జనరల్ మోటార్స్ 1996లో ఈవీ-1 అనే కారుని అద్దె పద్ధతి మీద ఇచ్చి, నడిపినవాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా వెనక్కి తీసుకుని, చాలా వాటిని తుక్కు చేసింది. దాని మీద 2006లో ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది.

కథ మలుపు తిరిగింది మాత్రం కార్ల ఫ్యాక్టరీలో కాదు. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. అది ముందు వీడియో కెమెరాల్లో, తర్వాత మన ల్యాప్‌టాపుల్లో, సెల్ ఫోన్లలో దూరింది. దాని వెనక ఉన్న గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. కోట్ల ఫోన్ల కోసం తయారవుతూ తయారవుతూ బ్యాటరీ చవకైంది. 2010లో ఒక యూనిట్ దాచుకునే బ్యాటరీకి వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024 నాటికి సగటున 115 డాలర్లకి దిగిందని బ్లూమ్‌బర్గ్ వారి లెక్క. మనం పిల్లల ఫోటోలు తీసుకోవడానికి కొన్న ఫోన్లే ఒకరకంగా ఈ కార్లకి పెట్టుబడి పెట్టాయి. 2008లో టెస్లా రోడ్‌స్టర్, 2010లో నిసాన్ లీఫ్, 2020లో మన దేశంలో టాటా నెక్సాన్ వచ్చాయి. 2024లో ప్రపంచంలో అమ్ముడైన కొత్త కార్లలో అయిదింట ఒకటికి పైగా కరెంటువి, లేదా ప్లగ్గు పెట్టుకునే హైబ్రిడ్లు. నార్వేలోనైతే ఆ ఏడాది పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది పూర్తిగా కరెంటువే. మైనస్ డిగ్రీల చలిలో, కొండల్లో వాళ్ళు నడుపుతున్నారు మరి.

ఇక మన లెక్కలోకి వద్దాం. ముందు రోజువారీ సంగతి.

అస్కర్ నుంచి మనామాకి వెళ్ళి రావడానికి సుమారు యాభై కిలోమీటర్లు. మామూలు కరెంటు కారు ఒక యూనిట్ కి ఆరు కిలోమీటర్లు నడుస్తుంది. అంటే ఎనిమిదిన్నర యూనిట్లు. గోడకున్న మామూలు ప్లగ్గుకి తగిలించినా నాలుగు గంటల్లో ఎక్కేస్తుంది. రాత్రి ఫోను చార్జింగులో పెట్టినట్టే కారునీ పెట్టి పడుకోవచ్చు. ఖర్చు చూడండి. బహ్రెయిన్ లో 2018లో పెంచిన తర్వాత ముంతాజ్ పెట్రోలు లీటరు 200 ఫిల్సులు అయింది. సబ్సిడీ లేని ఇళ్ళకి కరెంటు 2019కి యూనిట్ 29 ఫిల్సులకి చేరింది. ఆనాటి ధరలతో వంద కిలోమీటర్లకి కరెంటు కారుకి దాదాపు అర దినారు, పెట్రోలు కారుకి దినారున్నర పైన. పెట్రోలు మంచినీళ్ళ ప్రాయంగా దొరికే దేశంలోనే మూడింట ఒక వంతు ఖర్చన్నమాట. ఇంకా మన ఆంధ్రా, తెలంగాణల్లో, లేదా లండన్ లో ఎంత తేడా ఉంటుందో మీరే వేసుకోండి. ఆయిలు మార్చక్కర్లేదు, గేరుబాక్సు గొడవ లేదు. ట్రాఫిక్ లో ఆగి ఆగి వెళ్ళేటప్పుడు పెట్రోలు కారు ఎక్కువ తాగుతుంది. కరెంటు కారుకి అదే అనుకూలం, ఎందుకంటే బ్రేకు నొక్కినప్పుడు మోటారే డైనమోగా మారి కొంత చార్జి వెనక్కి ఇస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ మన తిరుమల కొండ. 2022 సెప్టెంబరు నుంచి ఘాట్ రోడ్డులో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. కింద తిరుపతికీ పైన తిరుమలకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1,800 కిలోల కారుని అంత ఎత్తుకి లేపడానికే మూడున్నర యూనిట్లు అదనంగా కావాలి. పైకి వెళుతుంటే చార్జి కరిగిపోతున్నట్టు కనిపించి భయం వేస్తుంది. దిగేటప్పుడు అందులో సగానికి పైగా తిరిగి వస్తుంది. మామూలు బండి అయితే ఆ శక్తినంతా బ్రేకులు వేడెక్కించడానికి వాడుతుంది. ఏడుకొండలవాడు మొక్కు తీసుకుని సగం ప్రసాదంగా తిరిగి ఇచ్చినట్టు!

ఇక దూరప్రయాణం. అసలు పరీక్ష ఇదే.

60 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుని తీసుకుందాం. హైదరాబాదు నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. ఎనభై, తొంభై వేగంతో వెళితే వంద కిలోమీటర్లకి 16 యూనిట్ల చొప్పున 44 యూనిట్లు చాలు. ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోవచ్చు, ఇంకా మిగులుతుంది. అయినా సూర్యాపేటలో టిఫిను తినకుండా ఎవరు వెళతారు? ఆ అరగంటలో వేగంగా చార్జి ఎక్కించే చోటు దొరికితే ఇక దిగులే లేదు. ఆ దారిలోనే 2023 మేలో టీఎస్ ఆర్టీసీ ఈ-గరుడ బస్సులు మొదలుపెట్టింది, ఒక చార్జికి 325 కిలోమీటర్లు నడుస్తాయని ప్రకటించింది. 1912లో ఓడిపోయిన బండి, 2023లో మన ఊరి బస్సుగా తిరిగొచ్చింది.

ఇప్పుడు అదే కారుని ఇక్కడి నుంచి రియాద్ కి తీసుకెళదాం. 1986లో కట్టిన పాతిక కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే దాటి, దమ్మామ్ మీదుగా నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఖాళీ ఎడారి రోడ్డు, 120 వేగం, బయట 45 డిగ్రీలు, లోపల ఏసీ. గాలి ఒత్తిడి వేగం పెరిగిన కొద్దీ వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. వంద కిలోమీటర్లకి 22 యూనిట్లు అయిపోతాయి. పది శాతం దాచుకుని నడిపితే మొదటి విడతలో 245 కిలోమీటర్లు. తర్వాత ఎనభై శాతం దాకా ఎక్కించుకుంటే ఇంకో 190. ఎనభై దాటాక చార్జి నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి అక్కడ కూర్చోవడం దండగ. లెక్కన రెండుసార్లు ఆగాలి. ఆగే చోటు ఎక్కడుందో ముందే చూసుకోవాలి, ఆ ఒక్కటీ పాడై ఉంటే ఏం చెయ్యాలో కూడా అనుకోవాలి. చూశారా, ఒకే కారు, ఒకే బ్యాటరీ. ఒక దారిలో రాజు, ఇంకో దారిలో పేద. అందుకే “ఒక చార్జికి ఎంత దూరం పోతుంది” అన్న ప్రశ్నకి ఒకటే జవాబు ఉండదు. ఏ రోడ్డు, ఏ వేగం, ఏ ఎండ అని అడగాలి.

ఎండ అన్నాను కాబట్టి ఒక పాత ఉదంతం చెప్పాలి. 2012లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో నిసాన్ లీఫ్ కొన్నవాళ్ళు బ్యాటరీ అనుకున్న దానికన్నా త్వరగా తగ్గిపోతోందని ఫిర్యాదు చేశారు. ఆ కారులో బ్యాటరీని చల్లబరచడానికి నీటి ఏర్పాటు లేదు. అరిజోనా ఎండ మన ఎండ లాంటిదే. తర్వాత కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి కూడా హామీ ఇచ్చింది, వేడికి తట్టుకునేలా బ్యాటరీని మార్చింది. గల్ఫ్ లోనో, రామగుండంలోనో, విజయవాడలోనో కొనేవాళ్ళు కారు రంగు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: బ్యాటరీని ద్రవంతో చల్లబరుస్తారా? ఎనిమిదేళ్ళ హామీలో ఎంత శాతం మిగలాలని రాశారు? ఎండలో నిలిపిన కారుని వంద శాతం చార్జితో రోజుల తరబడి వదలకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో చిక్కు, ఎవరూ పెద్దగా చెప్పనిది: ఫ్లాట్లు. సొంత గరాజు ఉన్న డల్లాస్ బావగారికి కరెంటు కారు హాయి. అద్దె ఫ్లాటులో ఉండే గల్ఫ్ ఉద్యోగికో, అయిదో అంతస్తులో ఉండే హైదరాబాదు తమ్ముడికో అంత హాయి కాదు. కింద పార్కింగులో ప్లగ్గు ఎవరిది, బిల్లు ఎవరిది, యజమాని ఒప్పుకుంటాడా, అసోసియేషన్ ఏమంటుంది? 1910లలో అమెరికా పల్లెకి కరెంటు లేక కారు ఓడింది. ఇవాళ మన ఫ్లాటు కింద ప్లగ్గు లేక ఆగుతోంది. అప్పుడూ ఇప్పుడూ తీగ ఎక్కడిదాకా వచ్చింది అన్నదే అసలు సంగతి. ఇంకా సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ గేటు దగ్గర బారులు తీరే కార్లన్నీ కరెంటువైతే చార్జింగు దగ్గర ఎంత వరస ఉంటుందో ఊహించండి. ఆ రోజుకి సరిపడా ఏర్పాట్లు ప్రభుత్వాలు ఇప్పటి నుంచే చూసుకోవాలి.

మరి పర్యావరణానికి నిజంగా మేలేనా? బహ్రెయిన్ లో కరెంటు దాదాపు అంతా సహజవాయువు నుంచే వస్తుంది. వంద కిలోమీటర్లకి 17 యూనిట్లంటే సుమారు ఎనిమిది కిలోల బొగ్గుపులుసు వాయువు. పెట్రోలు కారైతే పద్దెనిమిది కిలోల పైన. మన దేశంలో బొగ్గు కరెంటు ఎక్కువ కాబట్టి ఎనిమిది కాస్తా పన్నెండు దాకా పోతుంది, అయినా తక్కువే. బ్యాటరీ, లోహం తయారు చెయ్యడానికి అయ్యే కాలుష్యాన్ని కూడా కలుపుకోవాలి. మా ఊరి సంగతే చెప్తాను. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కరెంటుతో ఒక కారు ఎనభై వేల కిలోమీటర్లు తిరగొచ్చు. కారు బరువు తగ్గించడానికి ఈ లోహమే వాడతారు. కాబట్టి కొత్త కారు కొని ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిప్పే వాళ్ళకన్నా, ఉన్న పాత కారునే నడుపుకునేవాళ్ళు భూమికి తక్కువ భారం. ఎక్కువ తిరిగేవాళ్ళకే కరెంటు కారు అన్ని విధాలా లాభం.

చివరిగా మనసులో మాట ఒకటి. గల్ఫ్ లో ఉన్న మన వాళ్ళ జీతాలు, కరీంనగర్ లో, నిజామాబాద్ లో, కోనసీమలో లేచిన ఇళ్ళు, చదువుకున్న పిల్లలు, వీటన్నిటి అడుగునా ఆ 1932 నాటి చమురు ఉంది. కార్లు పెట్రోలు మానేస్తే మనకేమవుతుందన్న భయం ఇక్కడ చాలామందికి ఉంది, పైకి అనరు గానీ. ఈ దేశాలు ఆ లెక్క ముందే వేసుకున్నాయి. 2060 నాటికి నికర కర్బనం సున్నాకి తెస్తానని బహ్రెయిన్ 2021లో ప్రకటించింది. సౌదీలో లూసిడ్ కంపెనీ 2023లో కరెంటు కార్ల ఫ్యాక్టరీ తెరిచింది. అదే ఏడాది మేలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా వారి లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. పొట్ట చేతపట్టుకుని వలస పోవడానికి మారుపేరైన పాలమూరు అది. చమురు మనల్ని ఇంటి నుంచి ఇంత దూరం తెచ్చింది. బ్యాటరీ మన పిల్లల్లో కొందరినైనా ఇంటి దగ్గర ఉంచగలిగితే, ఈ మార్పుని భయంతోనే చూడక్కర్లేదు.

కారు కొనాలనుకునే శ్రోతలకి నా సలహా చిన్నదే. ఒక నెల రోజులు మీరు రోజూ ఎంత తిరుగుతున్నారో కాగితం మీద రాసుకోండి. రాత్రి కారు నిలిపే చోట ప్లగ్గు ఉందో లేదో చూసుకోండి. ఏడాదిలో చేసే దూరప్రయాణాలు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టండి. మొదటి రెండూ అనుకూలిస్తే, మూడోదాని కోసం వెనకాడకండి. రెండోది లేకపోతే, ఎవరు ఎంత చెప్పినా కొంతకాలం ఆగండి. ఇంట్లో రెండు కార్లుంటే ఒకటి కరెంటుది చేసుకుని చూడండి. పెద్దవాళ్ళు మళ్ళీ “మధ్యలో ఆగిపోతే?” అంటే విసుక్కోకండి. సూర్యాపేటలో ఆగి టిఫిను పెట్టించండి.